నూట పది వోల్టుల సగోత్ర వివాహం

వేలూరు చరిత్ర రాసిన వాళ్ళెవరూ 1806వ సంవత్సరాన్ని దాటిపోరు. ఆ యేడు కోటలో సిపాయిలు తిరగబడ్డారు. కారణాలు ఎన్ని ఉన్నా పైకి కనబడింది ఒక తలపాగా. కొత్త రకం తలపాగా దొరలు పెట్టుకొమ్మన్నారు, సిపాయిలు పెట్టుకోమన్నారు. తలపాగాకే చరిత్రలో చోటు దొరికినప్పుడు దానికి జానెడు కిందుండే ముక్కుకు దొరకకూడదని ఏ శాసనంలోనూ లేదు. అందువల్ల వేలూరుకు పొరుగూరైన గుడియాత్తంలోని రంగరాజులు ముక్కును గురించి నాలుగు మాటలు చెప్పక తప్పదు.

రంగరాజులు ఇళ్ళకు కరెంటు వైరింగు చేసేవాడు. మిక్సీ కానీ, ఇస్త్రీపెట్టె కానీ, టేబుల్ ఫ్యాను కానీ, ప్లగ్గులో పెట్టే ముందు దాన్ని ముక్కు దగ్గరికి తెచ్చుకుని, కళ్ళు మూసుకుని, ప్రాణాయామం చేసినట్లు ఒక్కసారి పీల్చేవాడు. తర్వాత "ఊఁ" అనేవాడు. ఊఁ అంటే పెట్టొచ్చు. "ఊహూఁ" అంటే లోపల వైండింగు కాలిపోయింది, పెట్టినా దండగ. ఇరవై ఏళ్ళలో ఈ తీర్పు తప్పింది లేదు. ఆర్కాడులో ఒక పెళ్ళివారింట గ్రైండరు మీదికి వంగి వాసన చూస్తుంటే, పిండి పులిసిందని అనుమానపడుతున్నాడనుకుని పెళ్ళికూతురి మేనత్త, "నిన్న సాయంత్రమే రుబ్బినాము నాయనా, మా మీద నమ్మకం పెట్టు" అని సంజాయిషీ ఇచ్చుకుంది.

నిజానికి అతను కరెంటు పనికి రావలసినవాడు కాదు. తాత గోడలు కట్టాడు, తండ్రి గోడలు కట్టాడు. రంగరాజులుకు మాత్రం పరంజా ఎక్కితే కళ్ళు తిరిగేవి. నిచ్చెన నాలుగో మెట్టు దాకానే అతని ధైర్యం. "గోడ పైన నిలబడలేనివాడు గోడ లోపలన్నా బతకనీ" అని తండ్రి వైరింగులో పెట్టాడు. అలా గోడల లోపల ఎవరికీ కనబడని పని చేస్తూ, ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడుతూ, మీటరు పెట్టెల మీద ఇంగ్లీషు కూడబలుక్కుని చదువుతూ నలభయ్యో పడిలో పడ్డాడు.

ఢిల్లీలో దేశం తలుపులు తెరిచారన్న సంగతి గుడియాత్తానికి ప్లగ్ పాయింట్ల రూపంలో అందింది. అంతకు ముందు ఇంటికి ఒకటి ఉండేది. తొంభై రెండు దాటాక గదికి మూడు అడగసాగారు, వాటిలో ఏం పెట్టాలో ఇంకా తెలియకపోయినా. పని పెరిగింది. వైరు కొనడానికి వేలూరు పోవడమూ పెరిగింది. వేలూరు లాంగ్ బజారు వెనక సందులో బలరామయ్య పాత సామాన్ల కొట్టు ఉండేది. పెద్దాసుపత్రిలో రెండు మూడేళ్ళు పనిచేసి తమ దేశం పోయే డాక్టర్లు మోసుకుపోలేక వదిలినవీ, మద్రాసు హార్బరులో దిగిన తుక్కు మూటల్లో వచ్చినవీ అక్కడ గుట్టలుగా పడి ఉండేవి. ఆ గుట్టలో, తొంభై నాలుగు చివర్లో, రంగరాజులుకు ఒక వస్తువు కనబడింది. మీటలున్నాయి. తల లేదు.

"ఏందన్నా ఇది, టైపు మిషనా?"

"టైపు మిషనే. కాగితం దూర్చే తావు మర్చిపోయినారు," అన్నాడు బలరామయ్య. "అమెరికా వాళ్ళు గదా, తొందర జాస్తి."

రంగరాజులు వాసన చూశాడు. ఊఁ అన్నాడు. ఇంటికి తెచ్చి నాలుగు మరలూ విప్పి మూత ఎత్తాడు. ఎత్తినవాడు మూత చేతిలోనే పట్టుకుని అలాగే ఉండిపోయాడు. పచ్చటి పలక మీద ఒక ఊరు ఉంది. తిన్నని వీధులు, వరసగా నల్లటి ఇళ్ళు, మూలల్లో నీళ్ళ ట్యాంకులు. ఏ వీధీ ఇంకో వీధిని తొక్కదు.

"ఇంద్రాణీ, ఇట్ల రా! ఎవురో పుణ్యాత్ముడు వైరింగు చేసినాడు చూడు. మూత మూస్తే ఎవురికీ కనబడదు. అయినా ఒక్క తీగ వంకర లేదు!"

ఇంద్రాణి అగ్గిపెట్టెల కంపెనీలో లేబుళ్ళు అంటించే పని చేసేది. చేతులు తుడుచుకుంటూ వచ్చి చూసింది. "బాగానే ఉండాది. ఏం చేస్తాది?"

"కంప్యూటరు. బలరామన్న కొడుకు చెప్పినాడు. టీవీకి తగిలిస్తే వెలుగుతాదంట."

తగిలించాడు. అయితే ముక్కుకు వాసనలు తెలుస్తాయి గాని వోల్టులు తెలియవు. అమెరికా గోడల్లో పారేది నూట పది, మన గోడల్లో పారేది రెండువందల ముప్పై. ఆ పచ్చటి ఊళ్ళోంచి సన్నటి పొగ లేచింది. ఆ పొగను కూడా రంగరాజులు శ్రద్ధగా వాసన చూశాడు. ఊహూఁ.

"అగ్గిపుల్లన్నా గీస్తే వెలుగుతాది," అంది ఇంద్రాణి. "నీ పెట్టెను యాడ గీయాలో అడుక్కోని రాపో."

మామూలు మనిషైతే అక్కడితో మానుకునేవాడు. రంగరాజులు బలరామయ్యకు చెప్పి ఉంచాడు. మీటలుండి తల లేనివి ఏవి వచ్చినా తీసిపెట్టమన్నాడు. నెలకొకటి, ఒక్కో నెల రెండూ వచ్చాయి. కొన్ని బూడిద రంగు, కొన్ని ఎండిన అరటాకు రంగు. ప్రతిదాన్నీ విప్పి, లోపలి ఊరును కళ్ళారా చూసి, దూదితో తుడిచి మళ్ళీ మూసి, వంటింటి అటక మీద, అదే లాఫ్టు మీద, పెట్టేవాడు. అన్నీ నూట పదివే. రెండువందల ముప్పైని నూట పదికి దించే పెట్టె ఒకటి మద్రాసులో దొరుకుతుందని అతనికి తెలియక కాదు. కానీ గుడియాత్తంలో సగం ఇళ్ళకు కరెంటు పంచిపెట్టినవాడు, తన ఇంట్లో కరెంటు పంచుకోవడానికి ఇంకొకడు చేసిన పెట్టె కొని తెచ్చుకోవడమా? పరువు అనేది ఒకటి ఉంటుంది.

దారి గంగమ్మే చూపించింది. వైశాఖంలో గంగమ్మ తలను ఊరేగించే సిరసు పండగకు వీధి పొడుగునా సీరియల్ సెట్లు కట్టేది రంగరాజులే. ఆరు వోల్టుల బుడ్డి బల్బులు, ఒకే తీగ మీద వరసగా నలభై. ఒక్కదాన్ని గోడకు తగిలిస్తే టప్పున పేలుతుంది. నలభై చేతులు పట్టుకుని నిలబడితే మాత్రం వచ్చిన కరెంటును అన్నదమ్ముల్లా సమంగా పంచుకుని తింటాయి. నిచ్చెన నాలుగో మెట్టు మీద, నోట్లో వైరు ముక్క పెట్టుకుని ఉండగా, రంగరాజులుకు జ్ఞానోదయమైంది. ఒక్క కంప్యూటరును గోడకు తగిలిస్తే చస్తుంది. రెండింటిని వరసలో కడితే? రెండువందల ముప్పైలో చెరి సగం!

ఆ సాయంత్రమే టేకు పలక మీద ఇత్తడి రేకులు వంచి, చపటా కాళ్ళ అమెరికా ప్లగ్గులకు రెండు గూళ్ళు చేశాడు. చేతికందిన రెండు కంప్యూటర్లను తెచ్చి తగిలించాడు. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. పెద్దది మూలుగుతూ కూర్చుంది. చిన్నది రెండు నిమిషాల్లో పొగై పోయింది. ఆకలి సమంగా లేని ఇద్దరికి ఒకే విస్తరి వేస్తే ఏమవుతుందో అదే అయింది. రంగరాజులు పోయినదాని వాసన చూసి, ఆలోచించి, ఒక సిద్ధాంతం చేశాడు. మనుషులకు సగోత్రం పనికిరాదు. కంప్యూటర్లకు సగోత్రం తప్ప ఇంకేదీ పనికిరాదు. అదే కంపెనీ, అదే అచ్చు, అదే ఆంపియర్లు కావాలి. అచ్చంగా కవల ఉండాలి.

ఇప్పుడు లాఫ్టు మీద ఆరు మిగిలాయి. ఆరింటిలో ఏ రెండూ ఒకటి కాదు.

"ఇంగ ఒక్క తూరి," అంది ఇంద్రాణి, వేలు ఎత్తి చూపించి. "ఒక్కే ఒక్క తూరి. వెలిగిందా, సరి. వెలగలేదా, ఆరూ బలరామయ్య తక్కెడలోకే. నా బిందెలు పెట్టుకునే లాఫ్టు అది, శ్మశానం కాదు. గంగమ్మ మీద ఒట్టు పెట్టు."

రంగరాజులు ఒట్టు పెట్టాడు. గంగమ్మకు లైట్లు కట్టేవాడు గంగమ్మ మీద ఒట్టు తప్పడం కుదరదు. అందువల్ల ఆ ఒక్క తూరిని అతను ఏడు నెలలు దాచుకున్నాడు.

తొంభై ఆరు జనవరిలో వేలూరు సత్తువాచారిలో ఒక ఇంట్లో ప్లగ్ పాయింటు పెట్టమని కబురొచ్చింది. ఇంటాయన పేరు శంకరన్. పెద్దాసుపత్రిలో కొత్త రోగుల పేర్లు రాసుకునే గుమాస్తాగా ముప్పై ఏళ్ళు చేసి రిటైరయ్యాడు. పెళ్ళి చేసుకోలేదు. చొక్కా మడత నలగదు, గడ్డం అద్దంలా ఉంటుంది. తమిళుడే అయినా చిత్తూరు, కడప రోగులతో మాట్లాడి మాట్లాడి తెలుగు నేర్చాడు. అందువల్ల ఆయన తెలుగులో ఏ మాటన్నా జబ్బును విచారించినట్లే ఉండేది.

"పాయింటు యాడ పెట్టాల సార్?"

"అద్దం పక్కన."

"అద్దం కాడ ఏం పని సార్, ప్లగ్గుకి?"

"ఉంది," అన్నాడు శంకరన్. అంతే అన్నాడు.

పని ముగించి, చేతులు కడుక్కుని వస్తూ రంగరాజులు ముందు గదిలో ఆగిపోయాడు. టీవీ పక్కన, అంచుకు లేసు కుట్టిన గుడ్డ కింద, ఎండిన అరటాకు రంగు మూల ఒకటి కనబడుతోంది. అడక్కుండానే గుడ్డ తీశాడు. లాఫ్టు మీద ఉన్నదాని కవల! ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకున్నాడు.

"ఏమప్పా వైరుమానూ," అన్నాడు శంకరన్ కంగారుగా, "నీకు ఇట్ల ఎన్ని దినాల నుంచి ఉండాది?"

రంగరాజులు కథంతా చెప్పాడు. శంకరన్ మధ్యమధ్య "అప్పుడు పొగ వచ్చిందా? ఏ రంగు?" అని విచారించాడు. తనది ఒక అమెరికా డాక్టరమ్మ వెళ్ళేటప్పుడు ఇచ్చిన కానుక అన్నాడు. అమ్మనన్నాడు. ఎరువివ్వనన్నాడు. "ఇది ఈ గడప దాటదు. కావాలంటే నీదాన్ని ఇక్కడికి తీసుకొని రా. ఆదివారం. పదిన్నరకి."

ఇంటికొచ్చి చెబితే ఇంద్రాణి నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "అంటే మనది ఇల్లరికం పోతాదా?"

"అట్లనే అనుకో."

"అట్లయితే ఒట్టి చేతుల్తో పోయేది మర్యాద కాదు." ఆదివారం తెల్లవారి ఆమె పళ్ళెంలో తమలపాకులు, వక్కలు, అరటిపండ్లు సర్దింది. కంప్యూటరుకు కుంకుమ బొట్టు పెట్టింది. బస్సులో మొగుడూ పెళ్ళాలు సీటంచున ఒదిగి, మధ్యలో దాన్ని కూర్చోబెట్టారు. కండక్టరు దానికి టిక్కెట్టు అడగాలా వద్దా అని కాసేపు చూసి, బొట్టు చూసి ఊరుకున్నాడు.

శంకరన్ ఇంటి ముందు గదిలో టేకు పలక పెట్టారు. రెండు కంప్యూటర్లనూ ఎదురెదురుగా కూర్చోబెట్టారు. టీవీ ఒకటే కాబట్టి ఎవరికి ముందు తగిలించాలన్న ప్రశ్న వచ్చింది. "అల్లుడికే ముందు" అన్నాడు శంకరన్, పెళ్ళంటే ఏమిటో తెలియకపోయినా మర్యాద తెలిసినవాడు. రంగరాజులు వరసగా రెండింటి వాసనా చూశాడు. రెండు ఊఁలు. ఇది వెలగకపోతే లాఫ్టు ఖాళీ. ఇది కాలితే ఒకటి కాదు, రెండు పోతాయి, అందులో ఒకటి పెద్దమనిషిది. స్విచ్చి వేశాడు.

పొగ రాలేదు. వెలుగూ రాలేదు. టీవీలో బూడిద రంగు వాన.

ఇంద్రాణి ఒక్క వేలు ఎత్తి చూపించింది.

రంగరాజులు వోల్టు మీటరు తీసి గోడ ప్లగ్గులో పెట్టి చూశాడు. నూట అరవై ఐదు! "సార్, మీ వీధిలో కరెంటు సగం యాడికి పోతాది?"

శంకరన్ కిటికీ వైపు చూపించాడు. ఎదురు వరసలో పెరుమాళ్ పిండి మిల్లు గుర్రుమంటోంది. ఆదివారం కాబట్టి సత్తువాచారి సగం డబ్బాలు పట్టుకుని వరసలో నిలబడి ఉంది. రంగరాజులు పరుగెత్తాడు.

"పెరుమాళ్ అన్నా, పది నిమిషాలు మిషను ఆపన్నా!"

"ఆపితే వీళ్ళు నన్నే పిండి కొడతారు. ఏం, ఎవురికన్నా బాగా లేదా?"

రంగరాజులు నోరు తెరిచేలోగా వెనకనే వచ్చిన ఇంద్రాణి చెప్పింది. "పెండ్లన్నా. శంకరన్ సారింట్లో. ముహూర్తం దాటిపోతా ఉండాది."

వరస మొత్తం ఒక్కసారి ఇటు తిరిగింది. శంకరన్ ఇంట్లో పెళ్ళి అనే మాట ఆ వీధి ముప్పై ఏళ్ళుగా విననిది. పెరుమాళ్ చెయ్యి దానంతటదే స్విచ్చి మీదికి పోయింది. మిల్లు ఆగింది. ఆడవాళ్ళు డబ్బాలతో సహా శంకరన్ ఇంటి ముందు చేరి, కిటికీల్లోంచి వధూవరుల కోసం వెదికారు. కనబడింది టేకు పలక.

రంగరాజులు మళ్ళీ స్విచ్చి వేశాడు. టీవీలో వాన ఆగింది. బొమ్మ కిందినుంచి పైకి గిర్రున దొర్లసాగింది. అతను టీవీ వెనక్కి పోయి, స్క్రూడ్రైవరుతో ఒక మరను వెంట్రుక వాసి తిప్పాడు. దొర్లేది నిదానించింది, నిలబడింది. తెర మీద నాలుగు ఇంగ్లీషు మాటలు, వాటి కింద ఒక చిన్న తెల్లటి చదరం. వెలుగుతోంది. ఆరుతోంది. వెలుగుతోంది.

"అమ్మా గంగమ్మా," అన్నాడు రంగరాజులు. నేల మీద చతికిలబడ్డాడు.

"ఏమంటా ఉండాది అది?" అంది ఇంద్రాణి.

శంకరన్ కళ్ళద్దాలు సర్దుకున్నాడు. "రెడీ అంటా ఉండాది."

"రెడీ అంట!" కిటికీ బయట ఒకావిడ ఇంకొకావిడకు చెప్పింది. "ఎవురు రెడీ? పెండ్లికొడుకా?" వీధిలో నవ్వు లేచింది. పెరుమాళ్ అందరికంటే గట్టిగా నవ్వాడు. ఇంద్రాణి అరటిపండ్లు పంచిపెట్టింది. పెళ్ళి కాకపోతేనేం, పండ్లు పండ్లే. రంగరాజులు లేచి, మీటర్ల మీద నేర్చిన పెద్దక్షరాలు ఒక్కొక్కటే వెదికి తన ఊరి పేరు కొట్టాడు. ఆ తర్వాత ఏం చేయాలో తోచక నిలబడితే, శంకరన్ చెయ్యి చాపి కుడి పక్క మీట ఒకటి టక్కున నొక్కాడు. కంప్యూటరు అది తప్పని చెప్పింది.

"మన ఊరు తప్పంటాదా?" అంది ఇంద్రాణి. "దీనికి భూగోళం రాదు. అయినా పోనీలే, వెలిగింది గదా." ఆ ఒక్క మాటతో ఆరు కంప్యూటర్లకు ప్రాణభిక్ష దొరికింది.

ఆనాటి నుంచి ప్రతి ఆదివారం అల్లుడు అత్తారింటికి పోయి వచ్చాడు. వదిలేసి రావొచ్చు కదా అని శంకరన్ అనలేదు, రంగరాజులు అడగలేదు. వరసలో కట్టినవాటికి ఒక ధర్మం ఉంది. ఒకటి ఆరితే రెండోదీ ఆరుతుంది. కాఫీకి లేస్తూ శంకరన్ తన స్విచ్చి కట్టేస్తే రంగరాజులు అరగంట మీటలు కొట్టినదంతా మాయమయ్యేది. "సార్!" "మర్చిపోయినానప్పా, మన్నించు." ఆ తర్వాత ఇద్దరూ కలిసే కాఫీకి లేవడం నేర్చుకున్నారు. శంకరన్ ఒక పుస్తకం చూసి చదివితే రంగరాజులు మీటలు కొట్టేవాడు. నాలుగు నెలలకు తెర మీద ఒక గీత, ఆర్నెల్లకు ఒక దీపం బొమ్మ వచ్చాయి. పదిన్నరకల్లా పెరుమాళ్ మిల్లు కట్టేసి, తనూ వచ్చి గడపలో కూర్చునేవాడు. బలరామయ్య తన కొట్టులో తల లేనిదేదైనా వస్తే, "ఒంటిదా, జంటదా?" అని ముందే విచారించి కబురు పంపేవాడు. తొంభై ఏడు నాటికి లాఫ్టు మీద రెండు జంటలయ్యాయి. చుట్టుపక్కల, తిరువలం దాకా, రంగరాజులుకు కంప్యూటర్లకు పెళ్ళిళ్ళు చేసేవాడని పేరొచ్చింది. ఇంద్రాణి బిందెలు మంచం కిందికి దిగాయి. ఆదివారం వేలూరు ప్రయాణం ఆమెకూ అలవాటైంది.

ఆ యేడు కార్తీకంలో ఒక ఆదివారం శంకరన్ వడలు తేవడానికి వీధి చివరికి వెళ్ళాడు. ఇంద్రాణి వంటింట్లో కాఫీ కలుపుతోంది. రంగరాజులు ముక్కు ఉన్నట్టుండి లేచింది. ఎక్కడో వెచ్చబడిన వార్నీషు వాసన. కాలింది కాదు, ఆరోగ్యంగా పనిచేస్తున్న వైండింగు వాసన. ఆ వాసన వెంట అతను నడిచాడు. అది అద్దం దగ్గరికి తీసుకుపోయింది. తను చేతులారా పెట్టిన ప్లగ్గుకు ఒక తీగ ఉంది. తీగ పౌడరు డబ్బా వెనక ఒక ఇనప పెట్టెలోకి పోయింది. పెట్టెకు అవతలి వైపు గడ్డం గీసుకునే అమెరికా మిషను ఒకటి వేలాడుతోంది.

పెట్టె మీద లోపలికి రెండువందల ఇరవై, బయటికి నూట పది అని రాసి ఉంది. రెండు కంప్యూటర్లను పక్కపక్కన నడపగల బలం ఉంది దానికి.

రంగరాజులుకు అప్పుడు జ్ఞాపకం వచ్చింది. మొదటి రోజు కుడి పక్క మీట ఎక్కడుందో శంకరన్ వెతుక్కోలేదు. ఈ పెట్టె ఉండగా ఆయనకు ఏనాడూ కవల అవసరం పడలేదన్నమాట.

గడప దగ్గర చెప్పుల చప్పుడైంది. "ఏమప్పా వైరుమానూ," అన్నాడు శంకరన్, వడల పొట్లం పట్టుకుని, అద్దం వైపు ఒకసారి చూసి, "మళ్ళా వాసనా? ఎన్ని దినాలుగా?"

"ఏం లేదు సార్. పౌడరు బాగుండాదే అని." పౌడరు డబ్బాను పెట్టెకు అడ్డంగా ఇంకొంచెం జరిపి వచ్చాడు. ఇద్దరూ టేకు పలక దగ్గర కూర్చుని చెరొక స్విచ్చి వేశారు.

మరుసటి ఆదివారం అల్లుడిని ఒళ్ళో పెట్టుకుని రంగరాజులు ఎప్పటి బస్సుకే దిగాడు. శంకరన్ నున్నగా గడ్డం గీసుకుని తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు.